ఆర్లిదొర గోరీ

పలమనేరు నుంచి చిత్తూరుకు దిగే పాత ఘాటు రోడ్డులో, ఒక మలుపు దగ్గర, కంపచెట్ల లోపల ఒక రాతి గోరీ ఉంది. ఆర్లిదొర గోరీ అంటారు. పొద్దు గుంకాక ఆ మలుపులో ఎవరూ బండి ఆపరు. టైరు పంచరైనా సరే... రిమ్ము మీద గీరుకుంటూ కిందికి దిగిపోతారే కానీ జాకీ తీయరు.

ఎందుకంటే — అక్కడ చీకట్లో నిలబడ్డ మగవాడిని ఎవరో కొరడాతో కొడతారు.

పాలవ్యాను నడిపే మోహనకు అలాగే తగిలింది. ఏదో పెళ్ళి నుంచి వస్తూ, నాలుగు చుక్కలేసుకుని, దమ్ము కొడదామని అక్కడ దిగాడు. సిగరెట్టు సగం కూడా కాలలేదు... వీపు మీద సర్రుమంది. తిరిగి చూస్తే ఎవరూ లేరు. మళ్ళీ సర్రుమంది. చొక్కా చీలింది, చర్మం చీలింది, వ్యాను అక్కడే వదిలేసి పరుగెత్తాడు. ఈరోజుకీ మోహన చీకటి పడితే చాలు, గోడకు వీపు ఆనించి కూర్చుంటాడు.

ఆర్లి అంటే హార్లీ. తెల్లవాళ్ళ కాలంలో గుర్రాల పటాలానికి అధికారి. పలమనేరు చల్లగాలి ఆ దొరకు బాగా పడిందట, ఎండలు ముదిరితే ఇక్కడే మకాం. చేతిలో ఎప్పుడూ కొరడా. గుర్రానికీ అదే, గుర్రాన్ని కడిగేవాడికీ అదే. చచ్చినా దొరకు ఆ అలవాటు పోలేదని జనం చెప్పుకుంటారు.

గోరీ కిందనున్న పల్లెవాళ్ళు దీనికో విరుగుడు కనిపెట్టారు. ప్రతి అమావాస్యకు, చీకటి పడ్డాక, కంపచెట్ల అంచున ఒక చుట్ట వెలిగించి పెడతారు. గ్లాసుడు సారాయి గోరీ వైపు చిమ్ముతారు. వెనక్కి చూడకుండా వచ్చేస్తారు. దొరకు ఇష్టమైనవి పెడితే దొర శాంతిస్తాడని.

తాతల నాటి నుంచి పెడుతూనే ఉన్నారు. దెబ్బలు మాత్రం తగ్గలేదు. చుట్ట నాసిరకమేమో అనుకుని మంచి చుట్ట తెచ్చారు. సారాయి పోయి బ్రాందీ వచ్చింది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు, దెబ్బలు ఇంకా పెరిగాయి.

నేను నర్సుని. పలమనేరులో ఒక చిన్న ఆస్పత్రిలో ఏళ్ళ తరబడి రాత్రి డ్యూటీ చేస్తున్నాను. దెయ్యాలే ఉంటే అవి ముందు కనపడాల్సింది నాకు. ఇంతవరకూ నా కంట పడ్డ ఘోరాలన్నీ మనుషులు చేసినవే. అందుకని దీన్ని నమ్మమని మిమ్మల్ని బతిమాలను. నా చేతులతో కట్టు కట్టిన ఒక వీపు గురించి చెప్తాను, అంతే.

ఆ వీపు ఖలీల్‌ది. కానీ ముందు హుమేరా గురించి చెప్పాలి.

హుమేరా ఖలీల్ భార్య. సత్యవేడు పిల్ల. నోట్లో నాలుక లేని పిల్ల అంటారే, అలాంటిది. మొదటిసారి మా ఆస్పత్రికి వచ్చినప్పుడు మణికట్టు విరిగి ఉంది. "బాత్రూములో జారినాది," అంది అత్త షరీఫున్నీసా. రెండోసారి కనుబొమ మీద కుట్లు పడ్డాయి. "తలుపు తగిలినాది," అంది. మూడోసారి కడుపులో బిడ్డ పోయింది. పొట్ట మీద చెప్పు అచ్చు నీలంగా కనిపిస్తోంది.

"మీ ఇంట్లో జారని చోటేదైనా ఉందా అమ్మా?" అని నేను అడిగేశాను.

షరీఫున్నీసా నన్ను వరండాలోకి లాగింది. గొంతు తగ్గించింది.

"ఏం జేసేది నాగరత్నమ్మా... మా ఇంటి మొగోళ్ళది దొర రగతం. కోపమొస్తే పట్టలేరు. మా ఆయన అట్లే, మా మామ అట్లే. నేను ఓర్చుకోలేదా?"

ఆమె మాట్లాడుతుంటే ఎడమ చెవి నా వైపు తిప్పుతుంది. కుడి చెవి వినపడదు. అది ఎలా పోయిందో నేను అడగలేదు, ఆమె చెప్పలేదు.

దొర రక్తం అన్నది ఆ ఇంట్లో ఉత్త మాట కాదు, పెద్ద గొప్ప. వాళ్ళ మగవాళ్ళందరికీ పిల్లికళ్ళు. వాళ్ళకు తెలిసిన పెద్ద పూర్వీకుడి పేరు జేమ్సు సాబు. ఆర్లిదొరకు పుట్టినవాడని, దొర పోయాక తల్లి తరపువాళ్ళు పెంచి ముసల్మానుగా చేశారని చెప్పుకుంటారు. ఆ తల్లి ఎవరు? ఆ ప్రశ్న ఆ ఇంట్లో ఎవరికీ రాలేదు.

ఖలీల్‌కు పరుపుల కొట్టుంది. కొట్లో ఈగలు తోలుకుంటూ కూర్చునేవాడు. తండ్రి గౌస్ మొహిద్దీన్ పోయాక వాడికి ఒక పిచ్చి పట్టింది, దొర వంశమని కాగితాలతో రుజువు చెయ్యాలని. మా తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి అన్నట్టు. కచేరీల్లో పాత దస్త్రాలు తిరగేయించాడు. ఫోన్లో పాత పటాలు వెతికాడు. చివరికి చిత్తూరులో ఒక పాత చర్చిలో తేలాడు. చూసి మెచ్చుకోవడానికి మనిషి కావాలి కదా, హుమేరాను వెంట తీసుకెళ్ళాడు.

ఆ చర్చిలో పుస్తకాలు చూసే గ్రేసీ నా చిన్ననాటి స్నేహితురాలు. అక్కడ జరిగింది నాకు చెప్పింది ఆమే.

బాప్తిస్మాల పుస్తకం, పట్టుకుంటే పొడి రాలే కాగితం. గ్రేసీ వేలు పెట్టి తెలుగులో చెప్పుకుంటూ చదివింది.

"బిడ్డ... జేమ్స్. తండ్రి... హార్లీ, గుర్రపు దళం, పలమనేరు. తల్లి... స్థానిక స్త్రీ."

ఖలీల్ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. హుమేరా భుజం పట్టి ఊపాడు.

"సూడు! ఎవురింటికి కోడలుగా వచ్చినావో సూడు!"

హుమేరా పుస్తకంలోకి వంగింది. చాలాసేపు చూసింది.

"ఆమె పేరేంది మేడం?"

"ఎవురిది?"

"తల్లిది."

"రాయరు తల్లీ," అంది గ్రేసీ. "ఇట్లాంటి బిడ్డలకి తల్లి పేరు రాసింది నేనింతవరకు సూడలేదు. స్థానిక స్త్రీ... అంతే."

"కన్నది ఆమే గదా..."

బల్ల కింద ఖలీల్ ఆమె చిటికెన వేలు పట్టుకుని వెనక్కి వంచడం గ్రేసీ చూసింది. టక్కున చప్పుడు కూడా వింది. హుమేరా కళ్ళు మూసుకుంది. ఖలీల్ నవ్వుతూనే ఉన్నాడు.

గ్రేసీ అయినా చెప్పాల్సింది చెప్పింది.

"ఇంగొకటప్పా. సమాధుల పుస్తకమంతా వెదికినా, హార్లీ పేరు యాడా లేదు. ఈ బిడ్డ పేరు పక్కనే సన్నంగా రాసినారు సూడు, తండ్రి ఇంగిలీసోళ్ళ సీమకు ఎళ్ళిపోయినాడని. ఆయన ఈడ సచ్చినట్టు లేదు."

"రాసినోడిది తప్పు," అన్నాడు ఖలీల్. "గోరీ కండ్ల ముందర ఉండాది. పుస్తకంతో ఏం పని?"

తనకు కావలసిన పేరు దొరికేదాకా పుస్తకం దేవుడి మాట. ఆ పక్క వరసలో రాసింది మాత్రం తప్పు. మొగవాళ్ళు చరిత్ర చదివే పద్ధతి ఇలాగే ఉంటుంది.

ఆ సాయంత్రం హుమేరా వేలికి నేనే పట్టీ వేశాను. సత్యవేడుకు పారిపొమ్మన్నాను. బస్సు ఎక్కిస్తానన్నాను. ఈసారి వస్తే ఈ పిల్ల శవమై వస్తుందని నాకు భయం పట్టుకుంది.

"పోతే మా నాయన్ని సంపుతానన్నాడక్కా," అంది. "అన్న మాట చేసే మనిషి. అమావాస్య కానీ... దొర దొరికిన సంతోషంలో నన్ను పంపిస్తాడేమో."

అమావాస్య ఎందుకంటే, వంశం తరపున గోరీకి తానే చుట్ట, సీమ సారా పెట్టాలని, తర్వాత పాలరాతి పలక నిలబెట్టాలని ఖలీల్ నిర్ణయించుకున్నాడు. పల్లెలో దొరకు చుట్ట పెట్టే పని ఎల్లప్పది. పెద్ద మనిషి. ఖలీల్ మాట వినగానే చేతులెత్తి మొక్కాడట.

"దొర బిడ్డ చేత్తో పెడితే దొర కడుపు సల్లబడతాదప్పా. మా పల్లెకు పీడ ఇడుస్తాది."

ఎల్లప్ప మనుషుల్ని పెట్టి ఆ రోజు మధ్యాహ్నానికి కంపంతా నరికించాడు. ఎవరికీ గుర్తులేనంత కాలానికి, ఆ గోరీ మొదటిసారి పూర్తిగా బయటపడింది. అంతకు ముందు అంచున నిలబడి విసిరినవాళ్ళే కానీ దాన్ని దగ్గరగా చూసినవాళ్ళు లేరు.

చీకటి పడే వేళకు ఖలీల్, హుమేరా వచ్చారు. ఎల్లప్ప వాళ్ళను గోరీ దగ్గర వదిలి, రోడ్డు మీద తన ఆటోలో కూర్చున్నాడు. ఆడ నిలవడానికి మాకు గుండె లేదు సామీ అన్నాడట.

అక్కడ జరిగింది హుమేరా మాకు ఆ రాత్రే చెప్పింది. చెప్పినంత మటుకు ఇదీ.

పడమట ఇంకా కాస్త వెలుగు మిగిలి ఉంది. హుమేరా ఆ వెలుగు వైపు చూసింది. గోరీ వైపు చూసింది. మళ్ళీ వెలుగు వైపు చూసింది. 

"ఏమండీ..." అంది మెల్లగా. "ఇది దొర గోరీ కాదు."

ఖలీల్ సీసా మూత తిప్పుతున్నాడు.

"ఉత్తరం దచ్చినంగా ఉండాది సూడండి. మొన్న చర్చి కాడ దొరల గోరీలన్నీ తూర్పు పడమరగా ఉండాయి. ఇది మనోళ్ళది. మొగోళ్ళకైతే పైన ఎత్తుగా దిమ్మె ఉంటాది. ఇది పలక మాదిరి సదునుగా ఉండాది... ఆడమనిషిది."

ముసల్మానుల ఇంట్లో పుట్టిన ఏ బిడ్డకైనా తెలిసిన సంగతే అది. తల ఉత్తరానికి పెట్టి, ముఖం పడమటికి, కిబ్లాకు, అంటే మక్కా దిక్కుకు తిప్పి పడుకోబెడతారు. ఖలీల్‌కు తెలియదా? తన తండ్రిని అలా పడుకోబెట్టి ఏడాది కాలేదు. కానీ చూడాలనుకుంటేనే కదా కనపడేది.

పల్లెవాళ్ళకు ఆ దిక్కులతో పని లేదు పాపం. ఎన్ని తరాలుగానో ఒక ముసల్మాను ఆడమనిషి, పుస్తకంలో పేరు లేని ఆ జేమ్సు తల్లే అయ్యుండాలి, ఆమె తలాపున సారా చిమ్మి, చుట్ట పొగ పెట్టి, ఆమెను చంపినవాడి కంపు ఆమెకే నైవేద్యం పెడుతూ, శాంతించు దొరా అని మొక్కారు. ఆమె ఎలా చచ్చిందో ఏ పుస్తకంలోనూ లేదు, నిజమే. ఇప్పుడు కొట్టే ఆ కొరడా దెబ్బ ఎక్కడ నేర్చుకుందో ఊహించడానికి నాకు పుస్తకం అక్కర్లేదు. జారి పడిందనే మాట నేను ఎన్నిసార్లు విన్నానో నాకు తెలుసు.

"నా నోటికాడ కూడు పడగొడతావా?" అన్నాడు ఖలీల్. సీసా ఆమె చేతిలో కుక్కాడు. "పొయ్యి."

"నేను పొయ్యను."

"పొయ్యే!"

"ఆమెకు పొయ్యగూడదండీ... పాపం..."

ఖలీల్ చుట్ట నోట్లో పెట్టుకుని వెలిగించాడు, దొరలాగే. ఒక దమ్ము లాగి పొగ వదిలాడు. తర్వాత సీసా లాక్కుని ఆమె మూతి మీద కొట్టాడు.

పళ్ళు విరిగిన చప్పుడు లోపలి నుంచి వినపడిందట ఆమెకు. గోరీ మీద బోర్లా పడింది. నోట్లోంచి నెత్తురు రాతి మీద కారింది. వాడు జుట్టు పట్టి తల పైకెత్తి మళ్ళీ రాతికేసి కొట్టాడు. దొర్లించి పొట్టలో తన్నాడు, పోయినసారి తన్నిన చోటే. బ్రాందీ ఆమె మీదే కుమ్మరించాడు.

"ఈడనే సంపి దీని పక్కనే పూడుస్తా," అన్నాడు. "నువ్వెవురో, నీ పేరేందో... ఎవురికీ తెలీదు."

ఖలీల్ ఫోను కింద పడి ఉంది. దాని లైటు వాడి కాళ్ళ మీద మాత్రమే పడుతోంది. వాడు మళ్ళీ కాలెత్తాడు —

సర్రుమంది.

ఎత్తిన కాలు ఎత్తినట్టే ఆగింది. చుట్ట జారి కింద పడింది. "ఎవుర్రా..." అన్నాడు. మాట పూర్తి కాలేదు. మళ్ళీ సర్రుమంది. వాడు మోకాళ్ళ మీద కూలాడు. చేయి అడ్డం పెట్టాడు... ఆ చేతి వేళ్ళు పటపటమన్నాయి. పాకబోయాడు, వెనక్కి ఈడ్చినట్టు జారాడు.

"చీకట్లో నాకేమీ కనపళ్ళేదు," అంది హుమేరా. అక్కడితో ఆపేసింది.

మిగతాది రోడ్డు మీదున్న ఎల్లప్ప చెప్పాడు. కాణిపాకం వినాయకుణ్ణి తలుచుకుంటూ ఆటోలో ముడుచుకుని కూర్చున్నాడట.

"మొగోని అరుపే తల్లీ... గొడ్డు మాదిరి. కొరడా పడేది. ఆగేది. ఎవురో గుసగుసమన్నట్టుండేది. మళ్ళా పడేది. ఎంత సేపని... నాకు కాళ్ళు రాలేదు. ఆఖరికి ఆ పిల్లే రోడ్డు మీదికి వచ్చి, మామా, ఎత్తుకుని పోదాం రా, అని పిల్చినాది. ఆ పిల్ల మీద ఒక్క కొరడా దెబ్బ లేదు."

మా ఆస్పత్రిలో బల్ల మీద ఖలీల్‌ను బోర్లా పడుకోబెట్టి చొక్కా కత్తిరించాను. కత్తిరించడానికి చొక్కా ఎక్కడుంది, మాంసంలో అతుక్కుపోయిన పీలికలు తప్ప. మెడ నుంచి పిక్కల దాకా చారలు. కొన్నిచోట్ల తెల్లగా ఎముక కనపడింది. కుడిచేతి వేళ్ళలో ఒక్కటి కూడా తిన్నగా లేదు. డాక్టరు కొత్త కుర్రాడు, బయటికెళ్ళి వాంతి చేసుకుని వచ్చాడు. పోలీసులు వచ్చి రాసుకున్నారు. ఎల్లప్ప ఒకటే మాట మీద నిలబడ్డాడు, దొర కొట్టినాడని.

పక్క బల్ల మీద హుమేరా పెదవికి కుట్లు వేశాను. ఏడవలేదు. కొడుకు అరుపులు వింటూ తలుపు దగ్గర నిలబడ్డ అత్తను చూసింది. "ఓర్చుకోమనండి అత్తమ్మా," అంది. ఎత్తిపొడుపు కాదు, మామూలుగానే అంది. 

తెల్లారి హుమేరా తండ్రి వచ్చి కూతుర్ని సత్యవేడు తీసుకెళ్ళాడు. ఆపేవాళ్ళు ఎవరు? ఆపే చెయ్యి కట్టు కింద ఉంది. నా కడుపు చల్లబడింది, దాచడం ఎందుకు.

కథ ఇక్కడ అయిపోతే బాగుండేది.

ఖలీల్‌ను ఇంటికి పంపాక, కట్టు మార్చడానికి నేనే వెళ్ళేదాన్ని. తాను అమ్మే పరుపుల్లోకెల్లా మెత్తటి పరుపు మీద బోర్లా పడుకుని ఉండేవాడు. పాత గాయాలు మానుతున్నాయి. ఆ పక్కనే... కొత్తవి. ఎర్రగా, పచ్చిగా, నిన్న రాత్రి తగిలినట్టు.

మొదట నా కళ్ళనే అనుమానించాను. డాక్టరు చీము అన్నాడు. చీము ఎలా ఉంటుందో నాకు తెలియదా? షరీఫున్నీసా గడియ పెట్టి, వాడి మంచం పక్కనే పడుకుంటోంది. గదిలోకి ఎవరూ రావడం లేదు. ఆమెకు మిగిలిన ఆ ఒక్క చెవికీ రాత్రి ఏమీ వినపడటం లేదు. తెల్లారేసరికి దుప్పటి తడిసి ఉంటోంది.

ఒకరోజు కట్టు విప్పుతుంటే వాడు దిండులోంచి గొణిగాడు.

"సిస్టర్... హుమేరాను ఒక్క మాట అనమనండి. కాళ్ళు పట్టుకుంటా. ఒక్క మాట."

"ఏం మాట?"

దిండు కొరికి పట్టుకున్నాడు. ఎంత అడిగినా చెప్పలేదు.

నాకు ఊరుకోబుద్ధి కాలేదు. సెలవు పెట్టి సత్యవేడు వెళ్ళాను. హుమేరా వాకిట్లో కూర్చుని చెనక్కాయలు ఒలుస్తోంది. కాస్త ఒళ్ళు చేసింది. నన్ను చూసి లేచి కుర్చీ వేసింది, మజ్జిగ ఇచ్చింది. వాడి వీపు సంగతి చెప్పాను. వాడు అడిగిన మాట సంగతీ చెప్పాను. ఆమె ఒలుస్తూనే ఉంది.

"హుమేరా... ఆ రాత్రి నీకేమీ కనపడలేదన్నావు."

"అబద్ధం జెప్పినా అక్కా."

నేను మజ్జిగ గ్లాసు కింద పెట్టాను.

"ఎట్లుండాదో మాత్రం అడగొద్దు. సూడగానే మన మనిషే అనిపించినాది. భయం కాలేదు. ఆయన్ను ఒకటి కొట్టేది... ఆగేది. నా తట్టు తిరిగి అడిగేది. బస్ క్యా బేటీ, అని."

ఇక చాలునా బిడ్డా, అని.



"నువ్వేమన్నావు?"

"తల అడ్డంగా ఊపినా. మళ్ళా కొట్టేది. మళ్ళా అడిగేది."

"మరి... చాలని ఎప్పుడన్నావు?"

హుమేరా ఒక కాయ చిట్లించి, గింజలు నా అరచేతిలో పోసింది. ఆమె నవ్వడం నేను చూసింది అదే మొదటిసారి. ముందు పళ్ళు రెండు లేవు.

"ఇంకా అన్లేదక్కా."